61 డబ్బాలు, ఒక కంట్రోలర్: గుంటూరు జిల్లాలో ఒక కాలేజీ వైఫై పని

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఏపీ అంటే యాక్సెస్ పాయింట్, గోడకో సీలింగుకో బిగించి వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా. రాష్ట్రం గురించి చెప్పాల్సి వస్తే పూర్తి పేరే రాస్తాను. లేకపోతే "ఏపీలో కరెంటు పోయింది" అన్న వాక్యానికి రెండర్థాలు వస్తాయి. ఈ కథలో ఆ రెండూ జరిగాయి.

పని చేసిన చోటు గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ. పేరు చెప్పను. మెయిన్ బ్లాకు, ల్యాబుల బ్లాకు, లైబ్రరీ, మగపిల్లలకు రెండు హాస్టళ్లు, ఆడపిల్లలకు ఒకటి, అందరికీ కలిపి ఒక మెస్సు. హాస్టళ్లలో సుమారు 1,100 మంది, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే డే స్కాలర్లు అంతకు మించి. ఒక రోజు ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు ఫోన్ చేశారు.

"బాబూ, ఒకసారి వచ్చి చూసిపో. సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు అంటున్నారు పిల్లలు. నిన్న రాత్రి వార్డెన్ గారి గది ముందు బైఠాయించారు."

"బ్యాండ్‌విడ్త్ పెంచారా సార్?"

"రెండుసార్లు పెంచాం. బిల్లు పెరిగింది, అంతే."

బిల్లు పెరిగినా గొడవ తగ్గలేదంటే జబ్బు లైన్లో లేదన్నమాట. మర్నాడు ల్యాప్‌టాప్, నిచ్చెన, కాలేజీ ఎలక్ట్రీషియన్ సుబ్బయ్య బాబాయ్ (అసలు పేరు వేరు), ఈ మూడింటితో పని మొదలుపెట్టాను. ప్రాముఖ్యంలో బాబాయ్‌దే మొదటి స్థానం. కేబుల్ ఏ గోడలోంచి వెళ్లిందో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

వెళ్లి చూస్తే

మూడు రోజులు లెక్కపెడితే 61 డబ్బాలు తేలాయి. కాలేజీ స్టాకు రిజిస్టరులో ఉన్నవి 43. మిగతా 18 ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఐదు కంపెనీల సరుకు, అందులో సగానికి పైగా ఇంట్లో వాడుకునే రౌటర్లు. ప్రతిదానికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు, ఆ పాస్‌వర్డు అదే గోడ మీద స్కెచ్ పెన్నుతో. రెండు డబ్బాలు ఫాల్స్ సీలింగు పైన ఉన్నాయి. స్విచ్‌లో (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) వాటి మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఏ పోర్టులో కనిపిస్తోందో చూసి, ఆ కేబులు పట్టుకుని పోతేగానీ అవి దొరకలేదు. ఇంకొకటి గాలిలో పేరు ప్రసారం చేస్తోంది, మనిషికి మాత్రం కనబడదు. మెస్సులో వంట మాస్టారిని అడిగితే, "అదా అండీ, చింతపండు డబ్బాల వెనక పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది, అదేనా?" అన్నారు. అదే.

ఇలాంటి చోటికి వెళ్లగానే కంట్రోలర్, అంటే ఏపీలన్నిటినీ ఒకేచోటినుంచి నడిపే వ్యవస్థ, ఇన్‌స్టాల్ చేయాలని చెయ్యి లాగుతుంది. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ని. ఈసారి మాత్రం మూడు రోజులూ ఒక ఎక్సెల్ షీటే నింపాను: డబ్బా మోడల్, మ్యాక్ అడ్రస్, ఏ గది, ఏ గోడ, ఏ స్విచ్‌లో ఏ పోర్టు, కరెంటు ఎక్కడినుంచి. ఇప్పటికీ ఆ కాలేజీ నెట్‌వర్కుకు ఆధారం ఆ షీటే. ఏది ఎక్కడుందో మనం చెప్పనిదే కంట్రోలర్‌కు తెలియదు. మనకే తెలియకపోతే దానికి ఏం చెబుతాం?

ఇక అసలు జబ్బు. సాయంత్రం ఆరు దాటాక హాస్టల్లో కూర్చుని చూశాను. ఫోన్ వైఫైకి కలుస్తుంది, సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్కులో ఫోన్‌కు దొరికే నంబరు, అది లేకపోతే నెట్ లేదు. కాలేజీ అంతటికీ ఒకే సబ్‌నెట్, అంటే ఒకే అడ్రసుల గుంపు, దాని సైజు స్లాష్ 24. అంటే వాడుకోగలిగే అడ్రసులు 254. లీజు, అంటే ఒకసారి ఇచ్చిన అడ్రస్‌కు గడువు, 24 గంటలు. పొద్దున తొమ్మిదికి డే స్కాలర్లు గేటు దాటి లోపలికి రాగానే వాళ్ల జేబుల్లోని ఫోన్లు అడ్రసులు పట్టుకుంటాయి. సాయంత్రం వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయినా ఆ అడ్రసులు మర్నాటి దాకా వాళ్ల పేరు మీదే ఉంటాయి. తెల్లారి వెళ్లిపోయిన పెళ్లివారి పేరు మీద సత్రం గదులన్నీ తాళం వేసి ఉంచినట్టు. హాస్టల్ పిల్లలు గదికొచ్చి ఫోన్ తీసేసరికి ఖాళీ ఉండదు.

దీనికి ఇంకో మెలిక ఉంది, అది వెంటనే తట్టలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు మ్యాక్ అడ్రస్ చెప్పదు. ప్రతి వైఫై పేరుకీ ఒక కొత్త నకిలీ మ్యాక్ తయారు చేసుకుంటుంది. ఇక్కడ చూస్తే పదుల కొద్దీ పేర్లు. ఒకే కుర్రాడు లైబ్రరీ, ల్యాబు, హాస్టల్ తిరిగి వచ్చేసరికి, అతని ఒక్క ఫోనే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీకి ముగ్గురు మనుషుల్లా కనబడి మూడు అడ్రసులు తినేస్తుంది. డబ్బాలు వేరువేరైనా వెనక తీగ ఒకటే, అడ్రసుల సంచీ ఒకటే. ఎస్‌ఎస్‌ఐడీ (వైఫై పేరు) అంతటా ఒకటే చేస్తే ఈ మెలిక దానంతట అదే విడిపోతుంది. అప్పటిదాకా కేంద్రీకృత నిర్వహణ అంటే నా సౌకర్యం కోసం అనుకునేవాణ్ని. విద్యార్థికి అడ్రస్ దొరకడానికి కూడా అదే కావాలని ఆ రాత్రి అర్థమైంది.

ఇవి చాలవన్నట్టు, ఇంటి రౌటర్లలో నాలుగింటికి సొంత డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంది. కేబులు బయటి లైనుకుండే వాన్ పోర్టులో కాక లోపలి పరికరాలకుండే లాన్ పోర్టులో పెట్టారు. దాంతో అవి కూడా నెట్‌వర్కు మొత్తానికి అడ్రసులు పంచుతున్నాయి, అదీ తప్పు గేట్‌వేతో (బయటికి వెళ్లే దారి). ఎవరి ఆఫర్ ముందు అందితే ఫోన్ దాన్నే పట్టుకుంటుంది. కాబట్టి ఒకే గదిలో ఒకరికి నెట్ వస్తుంది, పక్క మంచం మీదవాడికి రాదు. వాళ్లు ఫోన్ కంపెనీని తిట్టుకుంటారు.

ఏ కంట్రోలర్

కంట్రోలర్ అన్న మాట వినగానే మనకు ఆర్టీసీ బస్టాండు గుర్తొస్తుంది. గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో చెప్పే ఆయనే కంట్రోలర్. స్టీరింగ్ మాత్రం పట్టుకోడు. ఆయన టీ తాగడానికి వెళ్తే రోడ్డు మీద బస్సులు ఆగిపోవు. కాలేజీ కమిటీ ముందు నేను ఇదే పోలిక చెప్పాను, చాలావరకు సరిపోయింది.

వైర్‌లెస్‌లో రెండు రకాల ఏర్పాట్లున్నాయి. మొదటి రకంలో విద్యార్థి పంపే డేటా అంతా ఏపీ నుంచి సొరంగం గుండా కంట్రోలర్‌కు వెళ్లి, అక్కడినుంచి బయటికి పోతుంది. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5415 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన క్యాప్‌వ్యాప్ ప్రోటోకాల్ ఇందుకు వీలిస్తుంది. ప్రయాణికుడు ఏ ఊరు వెళ్లాలన్నా డిపోకు వచ్చి టికెట్ కొట్టించుకున్నట్టు. భద్రత, లెక్క, రోమింగ్ అన్నీ ఒకచోట ఉంటాయి గానీ డిపో మూసేస్తే ప్రయాణాలు బందు. అందుకే అలాంటి చోట కంట్రోలర్లు జంటగా కొంటారు, ఖర్చూ జంటగానే వస్తుంది. రెండో రకంలో డేటా ఏపీ దగ్గరే స్విచ్‌లోకి దిగిపోతుంది, కంట్రోలర్ ఆజ్ఞలు ఇస్తుంది, లెక్కలు రాసుకుంటుంది.

ఏటేటా డబ్బాకింత అని లైసెన్సు కట్టే క్లౌడు పద్ధతులు కూడా చూపించాను. కొనేటప్పుడు ఇబ్బంది లేదు, మూడో ఏడాది రెన్యువల్ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందోనని ఏఓ గారే భయపడ్డారు. ఆ భయం సరైనదే. చివరికి యుబిక్విటీ కంపెనీ యూనిఫై తీసుకున్నాం. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ కాలేజీ సొంత సర్వర్ మీద ఉబుంటులో పెట్టాం. పాత 61లో 14 ఆ కుటుంబానివే కాబట్టి పనికొచ్చాయి. కొత్తవి 44 కొన్నాం, మొత్తం 58. మిగతా 47 పాతవాటిని ఏం చేస్తారని కమిటీలో ఒకరు అడిగారు. ఒక కంపెనీ కంట్రోలర్ ఇంకో కంపెనీ డబ్బా మాట వినదు, ఆ కఠిన సత్యాన్ని అక్కడే చెప్పేశాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిలో ఎక్కించి, ఓపెన్‌విస్ప్ లాంటి ఉచిత కంట్రోలర్‌తో కలపొచ్చు. కానీ ఐదు రకాల చిప్‌సెట్లతో ఆ ప్రయోగం చేసి, ఏడాది తర్వాత దాన్ని చూసుకునే మనిషి లేకుండా వదిలేయడం నాకు మనసొప్పలేదు. అవి నెట్‌వర్కింగ్ ల్యాబులో పిల్లల ప్రాక్టికల్స్‌కు వెళ్లాయి.

తీగలు, వీలాన్లు, కరెంటు

వీలాన్ అంటే ఒకే తీగ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కు. వీలాన్ 10 ఏపీలు, స్విచ్‌ల నిర్వహణకు. 20 సిబ్బందికి. 31, 32, 33 మూడు హాస్టళ్లకు, ఒక్కోదానికి స్లాష్ 22, అంటే 1,022 అడ్రసులు. 35 అకడమిక్ బ్లాకుల్లో విద్యార్థులకు, అక్కడ లీజు రెండు గంటలే. 40 అతిథులకు. సీసీ కెమెరాలు అసలు ఈ గొడవలోకి రాకుండా విడిగా. స్విచ్‌లన్నిటిలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాం. ఇక ఎవరైనా ఇంటినుంచి రౌటర్ తెచ్చి లాన్ పోర్టులో పెట్టినా, అది పంచే అడ్రసులు ఆ పోర్టు దాటి రావు.

ఏపీకి కరెంటు కూడా నెట్ కేబులులోంచే వస్తుంది, దీన్నే పీఓఈ అంటారు. ఆ కరెంటు లెక్క చిన్నదే గానీ చాలామంది ఇక్కడ పడతారు. 24 పోర్టుల స్విచ్ కొన్నాం కాబట్టి 24 ఏపీలు తగిలించొచ్చు అనుకుంటారు. 802.3 ఏఎఫ్ పద్ధతిలో స్విచ్ ఒక్కో పోర్టుకు గరిష్ఠంగా 15.4 వాట్లు ఇవ్వాలి, డబ్బాకు చేరేది 12.95. స్విచ్ మొత్తం బడ్జెట్ 250 వాట్లే అయితే పదహారు పోర్టులకు నిండుగా ఇవ్వగలదు, ఆ పైన దేవుడి దయ. మేం హాస్టల్లో అంతస్తుకు ఎనిమిది మించకుండా పంచాం. పాత 14లో కొన్నిటికి 24 వోల్టుల ప్యాసివ్ పీఓఈ కావాలి, మామూలు పీఓఈ స్విచ్ వాటిని గుర్తించదు. వాటికి ఇంజెక్టర్లు (కేబులులోకి కరెంటు ఎక్కించే అడాప్టర్లు) పెట్టి లైబ్రరీకి పరిమితం చేశాం.

హాస్టళ్ల మధ్య టెర్రస్ మీదుగా వెళ్లే క్యాట్6 కేబుళ్లను కోతులు ఊయల చేసుకుని ఊగేవట. బాబాయ్ అప్పటికి నాలుగుసార్లు అతికాడు. ఆ అతుకులు చూస్తే అతనికి నమస్కారం పెట్టాలనిపించింది. అయినా పీకేసి, భూమిలోంచి ఆర్మర్డ్ ఫైబర్ వేశాం. దీనివల్ల పిడుగుల బెడద కూడా తగ్గింది, గాజు తీగలోంచి కరెంటు రాదు కదా.

డబ్బాకు యజమాని ఎవరో చెప్పడం

కొత్త ఏపీని తగిలించగానే అది తన కంట్రోలర్ కోసం వెతుక్కుంటుంది. ఇద్దరూ ఒకే వీలాన్‌లో ఉంటే ఇబ్బంది లేదు, కేకేస్తే వినబడే దూరం. వేరే సబ్‌నెట్‌లో ఉంటే చెప్పాలి. మూడు దారులున్నాయి. డీఎన్‌ఎస్‌లో (పేర్లను అడ్రసులుగా మార్చే పట్టిక) యూనిఫై అనే పేరుకు కంట్రోలర్ అడ్రస్ రాయడం ఒకటి. డీహెచ్‌సీపీలో కంట్రోలర్ ఎక్కడుందో చెప్పే ఆప్షన్ 43 రెండోది. కంట్రోలర్ 192.168.10.5 మీద ఉంటే ఆప్షన్ 43 విలువ 01:04:సీ0:ఏ8:0ఏ:05. మొదటి రెండు అంకెల జతలు "నాలుగు బైట్ల అడ్రస్ వస్తోంది" అన్న సూచన, మిగతా నాలుగు ఆ అడ్రసే హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో. చాలామంది ఆ 01:04 మరిచిపోయి గంటలు పోగొట్టుకుంటారు. మూడో దారి, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగినయ్యే పద్ధతి) ఒక్కొక్క డబ్బాలోకీ వెళ్లి సెట్-ఇన్‌ఫామ్ ఆదేశం ఇవ్వడం. ఐదారు డబ్బాలకైతే సరే, 58కి అది శిక్ష.

ఆ తర్వాత ఏపీయే కంట్రోలర్‌కు టీసీపీ 8080 పోర్టు మీద తరచూ ఫోన్ చేసినట్టు హాజరు చెప్పుకుంటుంది. కంట్రోలర్ వెళ్లి తలుపు తట్టదు. కాబట్టి ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్కు కాపలాదారు) తెరవాల్సింది ఏపీ నుంచి కంట్రోలర్ వైపు. పాత 14 మాత్రం ఏడిపించాయి. ఎవరో ఎప్పుడో వేరే ల్యాప్‌టాప్‌లోని కంట్రోలర్‌తో కలిపి ఉంచారు, ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు లేదు, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఒక్కోదాని దగ్గరికీ నిచ్చెనేసుకుని ఎక్కి, రీసెట్ చిల్లులో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. "దీనికేనా బాబూ ఇంజినీరింగు చదివింది?" అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న బాబాయ్.

పేర్ల దగ్గర నేను పంతం పట్టాను. ప్రతి డబ్బా పేరులో భవనం, అంతస్తు, దగ్గరి గది నంబరు ఉండాలి: బీహెచ్2-ఎఫ్3-312. అదే పేరు డబ్బా మీద స్టిక్కరుగా, స్విచ్ పోర్టు వివరణలో, ఎక్సెల్ షీటులో. రాత్రి పదకొండింటికి వార్డెన్ ఫోన్ చేసి "మూడో అంతస్తు చివర రావట్లేదు" అంటే, మ్యాక్ అడ్రసులతో పనేముంది?

గాలిలో సంగతి

కంట్రోలర్ వచ్చాక "ఆటో" మీట నొక్కితే ఛానళ్లు అవే సర్దుకుంటాయని అమ్మేవాళ్లు చెబుతారు. కొంతవరకు నిజమే. కానీ ఏపీలు తప్పు చోట్ల ఉంటే ఏ ఆటో కాపాడదు. పాత పద్ధతిలో ఏపీలన్నీ వరండా పొడవునా సీలింగుకు వరసగా ఉండేవి. వరండాలో గోడలు అడ్డుండవు కాబట్టి ఈ చివర ఏపీకి ఆ చివర ఏపీ స్పష్టంగా వినబడుతుంది. గదిలో పిల్లవాడికి మాత్రం తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనప బీరువా దాటి రావాలి. వాటిని గదుల్లోకి, ఒకటి కుడి వరసలో ఒకటి ఎడమ వరసలో ఉండేలా, కింది అంతస్తులో దాని సరిగ్గా కింద రాకుండా మార్చాం. సగం పని ఇక్కడే అయింది. దీనికి కంట్రోలర్ అక్కర్లేదు, డ్రిల్లింగ్ మెషీన్ కావాలి.

ఇక్కడ వైఫై నడిచే బ్యాండ్లు రెండు: 2.4, 5 గిగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానళ్లు మూడే: 1, 6, 11. పాత డబ్బాల్లో 3, 4, 8, 9 కూడా ఉన్నాయి, అవి పక్కవాళ్లిద్దరినీ చెడగొడతాయి. బీకన్ల (ఏపీ తన ఉనికిని చాటే సందేశాలు) లెక్క ఒకటి కమిటీకి బోర్డు మీద వేసి చూపించాను. ప్రతి ఎస్‌ఎస్‌ఐడీ కోసం ఏపీ 102.4 మిల్లీసెకన్లకోసారి "నేనున్నాను" అని చాటింపు వేస్తుంది. ఆ చాటింపు 300 బైట్లనుకుంటే, పాత 1 ఎంబీపీఎస్ వేగంలో దాదాపు 2.6 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే ఛానల్ మీద ఒకదానికొకటి వినబడే ఐదు ఏపీలు, ఒక్కోదానిలో నాలుగు పేర్లు ఉంటే 20 చాటింపులు, 52 మిల్లీసెకన్లు. అంటే ఎవరూ ఒక్క మెసేజీ పంపకముందే సగం ఎయిర్‌టైమ్ (గాలిలో మాట్లాడే సమయం) చాటింపుకే పోయింది. కనీస వేగాన్ని 12 ఎంబీపీఎస్‌కు పెంచితే అదే చాటింపు ఒక్కోటి పావు మిల్లీసెకను లోపు ముగుస్తుంది. మేం 802.11బీ అనే పాతకాలపు నెమ్మది వేగాలను తీసేశాం, ఎస్‌ఎస్‌ఐడీలను మూడుకు కుదించాం, హాస్టళ్లలో ప్రతి రెండో ఏపీకి 2.4 రేడియో పూర్తిగా ఆపేశాం. ఇవన్నీ కంట్రోలర్‌లో నాలుగైదు టిక్కులు. 61 డబ్బాల్లో ఒక్కొక్కదానిలోకీ వెళ్లి చేయాలంటే ఎవరూ చేయరు, చేయలేదు కూడా.

5 గిగాహెర్ట్జ్‌లో మనకు చోటు బోలెడు. 2018 అక్టోబరు నోటిఫికేషనుతో 5150 నుంచి 5350 దాకా, 5470 నుంచి 5875 దాకా మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకునే వీలొచ్చింది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో తీసుకుంటే ఇరవైకి పైగా ఛానళ్లు. 80 వెడల్పు పెడితే స్పీడ్ టెస్టులో అంకె అందంగా కనబడుతుంది గానీ హాస్టల్లో ఛానళ్లు చాలవు. 20 దగ్గరే ఉంచాం. 52 నుంచి 144 దాకా ఛానళ్లలో ఏదైనా రాడార్ ఉందేమో ఏపీ వింటూ ఉండి, ఉంటే తప్పుకోవాలి కాబట్టి కొందరు వాటిని అసలు ముట్టుకోరు. మాకు దగ్గర్లో ఉన్న మచిలీపట్నం డాప్లర్ వాతావరణ రాడార్ ఎస్-బ్యాండ్‌ది, అంటే వేరే ఫ్రీక్వెన్సీది, 5 గిగాహెర్ట్జ్‌తో దానికి పేచీ లేదు. ఆ ఛానళ్లను ధైర్యంగా వాడాం, కంట్రోలర్ లాగులో (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) రాడార్ మాట ఎప్పుడైనా వస్తుందేమోనని ఒక కన్నేసి ఉంచాం. దేశం కోడ్ ఇండియా అని పెట్టడం మరవొద్దు. కొందరు పవర్ ఎక్కువొస్తుందని వేరే దేశం పేరు పెడతారు. ఏపీ గట్టిగా అరిస్తే ఫోన్ గొంతు పెరగదు.

అన్నీ ఒక్క నొక్కుతో, తప్పు కూడా

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. కొత్తవన్నీ ఎక్కించి పది రోజులైంది, బాగా నడుస్తోంది. హాస్టల్ ఏపీల నిర్వహణ వీలాన్‌ను 10 నుంచి 11కు మార్చాలనుకున్నాను, అకడమిక్ వాటితో కలవకుండా ఉంటుందని. ఇంట్లో భోంచేసి, రాత్రి పదింటికి వీపీఎన్‌లో (దూరం నుంచి కాలేజీ నెట్‌వర్కులోకి వెళ్లే దారి) కూర్చుని, రెండో హాస్టల్ గ్రూపు మొత్తం ఎంచుకుని, మార్చి, వర్తింపజేశాను. 19 ఏపీలు ఆకుపచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు. తిరిగి రాలేదు.

జరిగిందేమిటంటే, మెయిన్ బ్లాకు నుంచి ఆ హాస్టల్‌కు వెళ్లే ట్రంకు పోర్టులో (అన్ని వీలాన్లనూ మోసే పోర్టు) వీలాన్ 11ను అనుమతించలేదు. మిగతా రెండు హాస్టళ్లకు అనుమతించాను, దీన్ని మరిచాను. ఏపీలు విధేయంగా కొత్త వీలాన్‌లోకి దూకి, అక్కడ గేట్‌వే లేక దిక్కులు చూస్తున్నాయి. అంతటితో పోతే బాగుండేది, విద్యార్థుల వీలాన్ వేరు కాబట్టి వాళ్ల నెట్ నడుస్తూ ఉండాలి. కానీ గేట్‌వే అందని ఏపీ తన వైఫై పేర్లను ఆపేసే కనెక్టివిటీ మానిటర్ అనే అమరిక ఆన్‌లో ఉంది. వైఫై పేరే మాయమైంది. మర్నాడు మిడ్ పరీక్ష. వార్డెన్ ఫోన్ పదీ పదికే వచ్చింది.

నేను గంటసేపు తప్పు చోట వెతికాను. కంట్రోలర్‌లో మార్పు వెనక్కి తీశాను, అది ఏపీలకు చేరదు, ఎందుకంటే అవి మనకు కనబడట్లేదు. సర్వర్ రీస్టార్ట్ చేశాను, పాపం దాని తప్పేం లేదు. కారు తాళాలు తీసుకుని, నిచ్చెన సంగతి బాబాయ్‌కి ఫోన్ చేస్తుండగా తట్టింది: వాటిని వెనక్కి లాగడం కాదు, అవి ఉన్నచోటికే దారి వేయాలి. ఆ ట్రంకులో వీలాన్ 11ను చేర్చాను. నాలుగు నిమిషాల్లో 19కి 19 వచ్చాయి. "సారీ అండీ, అప్‌గ్రేడ్ జరుగుతోంది" అని వార్డెన్‌కు చెప్పాను. మర్నాడు ఏఓ గారికి మాత్రం నిజమే చెప్పాను.

ఒక్కో డబ్బానూ విడివిడిగా మార్చే రోజుల్లో ఈ తప్పు చేసి ఉంటే మొదటి డబ్బాతోనే తెలిసేది. ఇప్పుడు ల్యాబుల బ్లాకులో రెండు ఏపీలను ప్రయోగాల గ్రూపుగా విడగొట్టాం. ఏ మార్పైనా, ఫర్మ్‌వేర్ (డబ్బాలోని సాఫ్ట్‌వేర్) అయినా, ముందు ఆ రెండింటికి, మూడు రోజుల తర్వాత ఒక అంతస్తుకు, ఆ తర్వాత మిగతావాటికి. ఆటో అప్‌డేట్ ఆపేశాం. పెద్ద మార్పులు మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, బాబాయ్ డ్యూటీలో ఉండగా.

లాగిన్

గోడల మీద పాస్‌వర్డులు తుడిపించి, సున్నం వేయించి, డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ పెట్టాం, అంటే ఎవరి పేరు, పాస్‌వర్డు వాళ్లకే. వెనక వాటిని సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్, రోల్ నంబరే యూజర్ పేరు. మొదట బ్రౌజరులో పేజీ తెరుచుకునే క్యాప్టివ్ పోర్టల్ అనుకున్నారు కమిటీవాళ్లు. "ఈ మ్యాక్ అడ్రస్ ఫలానా విద్యార్థిది" అని గుర్తుపెట్టుకునే పద్ధతి నకిలీ మ్యాక్‌ల కాలంలో నిలవదని చెప్పి మాన్పించాను. అతిథులకు మాత్రం పోర్టల్ ఉంచాం. కొత్త ఆండ్రాయిడ్లలో సర్టిఫికెట్‌ను (సర్వర్ అసలుదేనని చూపే పత్రం) పట్టించుకోవద్దు అనే ఎంపిక తీసేశారు కాబట్టి, మొదటి వారం హెల్ప్ డెస్కు ముందు రేషన్ షాపు క్యూ. తెలుగులో నాలుగు బొమ్మలతో ఒక పోస్టరు వేసి మెస్సు గోడకు అంటించాక క్యూ కరిగింది. పేరు ఎక్కడ కొట్టాలో, డొమైన్ గడిలో ఏం రాయాలో అంతే ఉంది అందులో.

2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగులను 180 రోజులు దేశంలోనే దాచాలి, గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల సమయ సర్వర్లతో కలపాలి. దీనికి కంట్రోలర్ ఒక్కటే చాలదు. ఎవరు లాగిన్ అయ్యారో రేడియస్‌కు, ఏ అడ్రస్ ఇచ్చారో డీహెచ్‌సీపీకి, బయట ఏ పోర్టుతో వెళ్లారో ఫైర్‌వాల్‌కు తెలుసు. మూడింటి గడియారాలూ ఒకటే చెప్పకపోతే ఆ లాగులు ఎందుకూ కొరగావు. అన్నిటినీ లాగులు పోగుచేసే ఒక సిస్‌లాగ్ సర్వర్‌కు పంపిస్తున్నాం.

తర్వాత బయటపడ్డవి

ఒకేచోట కూర్చుని అందరినీ చూడటం వల్ల నాకు బాగా నచ్చింది "అప్‌టైమ్" అనే నిలువు వరస. మొదటి హాస్టల్లో ఏడు ఏపీలు ఎప్పుడు చూసినా ఒకే అప్‌టైమ్ చూపించేవి, అదీ గంటల్లోనే. మిగతావి వారాల్లో ఉంటే ఇవి మాత్రం రోజూ కొత్తగా పుడుతున్నాయి. ఏడూ ఒకే స్విచ్ మీద. ఆ స్విచ్ ఉన్న చోట యూపీఎస్ లైనులో పెట్టాల్సిన ప్లగ్గును ఎవరో మామూలు కరెంటులో పెట్టారు. సాయంత్రం కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో స్విచ్ చచ్చి బతుకుతోంది. "రోజూ ఏడింటికి వైఫై పోతుంది సార్" అన్న ఫిర్యాదు రెండేళ్లుగా ఉందట. ప్లగ్గు మార్చడానికి పట్టింది అర నిమిషం.

రెండో సంఘటన కంట్రోలర్ సర్వర్‌ది. దాని ఎస్‌ఎస్‌డీ డిస్కు పోయింది. వైఫై మాత్రం మామూలుగానే నడిచింది. అతిథుల పోర్టల్ తప్ప ఏదీ ఆగలేదు కాబట్టి మొదటి రోజు ఎవరూ గమనించలేదు కూడా. రేడియస్‌ను వేరే మెషీన్‌లో పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. ఆటో బ్యాకప్ రోజూ జరుగుతోంది గానీ, అదే డిస్కులోకి! నా అదృష్టం కొద్దీ వారం కిందట ఒక కాపీని నా ల్యాప్‌టాప్‌కు దించుకున్నాను. దాంతో కొత్త మెషీన్‌లో కంట్రోలర్ లేచింది గానీ ఒక్క ఏపీ కూడా హాజరు చెప్పలేదు. కొత్త మెషీన్‌కు వేరే అడ్రస్ ఇచ్చారు, ఏపీలన్నీ పాత 192.168.10.5కే ఫోన్ చేస్తున్నాయి. ఆ పాత అడ్రస్‌ను కొత్త మెషీన్‌కు రెండో అడ్రస్‌గా తగిలించగానే అన్నీ పలికాయి. ఆ రోజే ఏపీలు హాజరు చెప్పాల్సిన ఇన్‌ఫామ్ హోస్టును అంకెల నుంచి డీఎన్‌ఎస్ పేరుకు మార్చేశాను. మొదటి రోజే చేయాల్సిన పని. బ్యాకప్ ఇప్పుడు రాత్రికి రాత్రి వేరే భవనంలోని స్టోరేజీకి వెళ్తుంది, నెలకోసారి ల్యాబ్ అసిస్టెంటు దాన్ని ఖాళీ మెషీన్‌లో పెట్టి చూస్తుంది.

ఆ అమ్మాయికే మొత్తం అప్పజెప్పాం. తనకు సొంత అడ్మిన్ ఖాతా, ఏఓ గారి బీరువాలో సీలు వేసిన కవరులో ఇంకొకటి, నా ఖాతాకు చూడటానికి మాత్రమే అనుమతి. రాత్రి పదింటికి నేను మళ్లీ వీపీఎన్‌లో కూర్చోకుండా.

ఇప్పటికీ ఒక డబ్బా లెక్క తేలలేదు. పొరుగు నెట్‌వర్కుల జాబితాలో, మొదటి హాస్టల్ కింది అంతస్తు దగ్గర, 3వ ఛానల్ మీద, పూర్తి పవరుతో ఒక పేరు ప్రతి రాత్రీ తొమ్మిది తర్వాత కనిపిస్తుంది. సిగ్నల్ బలాన్ని బట్టి అది ఏ గదిలో ఉందో ల్యాబ్ అసిస్టెంటు ఎప్పుడో కనిపెట్టింది. ఆ గది వార్డెన్ గారిది.